బిగుపు

రత్నానికి కోపం వస్తే చేతులు బిగుసుకుపోతాయి. మాటవరసకి అనడం కాదు, నిజంగానే పిడికిలి పడిపోయి కాసేపటిదాకా వేళ్ళు విడివడవు. వాళ్ళ నాన్న సన్యాసిరావుకీ అంతే, నాయనమ్మకీ అంతే. ఇంట్లో దానికి పెట్టుకున్న పేరు బిగుపు. ఊరకే కూర్చున్నవాళ్ళు చటుక్కున లేచినా, ఉలిక్కిపడినా కండలు పట్టేస్తాయి. పదిసార్లు ఆడిస్తే దారికొస్తాయి. చలిలో మాత్రం ఆ వైద్యమూ పనిచెయ్యదు, ఆడించినకొద్దీ ఇంకా బిగుస్తాయి. అందుకే ఆ ఇంట్లో ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరు. ఎత్తిన చెయ్యి ఎప్పుడు దిగుతుందో ఎత్తినవాళ్ళకే తెలియదు మరి. సన్యాసిరావు బతికినన్నాళ్ళూ కూతురి మీద గానీ, పెళ్ళాం మీద గానీ, ఆఖరికి షెడ్డు ముందు పడుకునే కుక్క మీద గానీ చెయ్యి లేపలేదు.

ఆ మంగళవారం పొద్దున గాజువాక ఆటోనగర్లో తన షెడ్డు ముందు నిలబడి సత్తువ బళ్ళ కంపెనీ పంపిన కాగితం చదువుతుంటే రత్నం చేతులు ఆ కాగితాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాయి. గుర్తింపు లేని షెడ్డులో అనుభవం లేని వ్యక్తి వైపర్ మోటారు బిగించడమే ప్రమాదానికి కారణమని తమ నిపుణుడి పరిశీలనలో తేలిందట. అనుభవం లేని వ్యక్తట. పదహారో ఏట నాన్న పక్కన నిలబడి స్పానరు పట్టింది, ఇప్పుడు ముప్పై ఆరు. ఈ ఇరవై ఏళ్ళలో ఆమె విప్పి బిగించినన్ని నట్లు ఆ రాసిన పెద్దమనిషి కంటితో కూడా చూసి ఉండడు. శుక్రవారం రవాణా శాఖ విచారణకి రావాలనీ, తప్పు రుజువైతే షెడ్డు మూసెయ్యాల్సి ఉంటుందనీ చివర్లో రాశారు. షెడ్డు పోవడం ఒక ఎత్తు. ఒక మనిషి చావు తన పేరు మీద రాసేసి చేతులు దులుపుకోవడం ఇంకో ఎత్తు.

చనిపోయింది చిలకమ్మ. పాడేరు నుంచి విశాఖకి కూరగాయలు తోలే బొంజుబాబు భార్య. మొగుడు బండి నడుపుతుంటే పక్కన కూర్చుని దారి పొడుగునా కబుర్లు చెప్పేది. నెల రోజుల కిందట వాళ్ళిద్దరూ తెల్లటి సత్తువ పికప్ వేసుకుని రత్నం షెడ్డుకి వచ్చారు. పొద్దుటిపూట కొండ మీద వైపర్ ఆగి ఆగి తిరుగుతోందని బొంజుబాబు చెప్పాడు. రత్నం ఆడించి చూస్తే శుభ్రంగా తిరిగింది. అయినా మనిషి అబద్ధం చెప్పడు కదా అని పాత మోటారు తీసేసి, కంపెనీ సీలు వేసిన కొత్తది బిగించింది.

సత్తువ బండిలో చిన్న మోటార్లన్నీ కండ మోటార్లే. అయస్కాంతాలకి కావలసిన లోహాలు దొరకడం మానేశాక, ఉన్న కాస్తా చక్రాల మోటార్లకే దాచుకోవాల్సి వచ్చింది. వైపర్లు, అద్దాలు ఎత్తేవి, నీళ్ళు చిమ్మేవి, ఇవన్నీ లేబ్‌లో పెంచిన కండతో నడుస్తున్నాయి. అరచేతిలో పట్టే పెట్టె, అందులో రెండు కండ పట్టీలు. ఒకటి ఇటు లాగుతుంది, రెండోది అటు లాగుతుంది. నెలకోసారి ఓ పొట్లం పొడి నీళ్ళలో కలిపి పక్కనున్న సీసాలో పోస్తే చాలు. కంపెనీ దానికి నోరు తిరగని పేరు పెట్టింది గానీ డ్రైవర్లందరూ గంజి అనే అంటారు. ఎవరి కండ అని అడిగితే ఎవరిదీ కాదనీ, గాజు తొట్టిలో పుట్టి గాజు తొట్టిలో పెరిగిందనీ చెప్పేవారు.

బండిలోంచి తీసిన సామాను ఏదైనా సరే యజమాని చేతిలో పెట్టడం సన్యాసిరావు నాటి నుంచీ ఆ షెడ్డు ఆనవాయితీ. మంచిది తీసేసి పాతది వేశారన్న మాట రాకూడదని. ఆ రోజు కూడా రత్నం పాత మోటారుని న్యూస్‌పేపర్లో చుట్టి చిలకమ్మ ఒళ్ళో పెట్టింది. చిలకమ్మ పొట్లం విప్పి చూసి, ఇది కూర వండుకుంటే ఉడుకుద్దా అని అడిగింది. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు రత్నానికి ఒళ్ళు మండుతోంది.

మూడు వారాలు తిరక్కుండా, డిసెంబరు ముసురులో, ఘాట్ రోడ్డు మూడో మలుపు దగ్గర బొంజుబాబు వైపర్ వేశాడు. రెండు ఆర్ములూ ఒకసారి పైకి లేచి అక్కడే నిలబడిపోయాయి. అద్దం మీద నీళ్ళు, నీళ్ళ అవతల మంచు. బండి ఎడంపక్క బండరాతికి కొట్టుకుంది. ఎడంపక్కనే చిలకమ్మ కూర్చుంది.

ఆ మంగళవారం మధ్యాహ్నమే పోలీసులు వదిలిన బండిని తాడు కట్టి లాగించుకుని బొంజుబాబు షెడ్డుకి వచ్చాడు. పక్కటెముకలకి కట్టు ఉంది. బండి ముందద్దం మొత్తం పోయింది. అతను కేకలేస్తాడని, తిడతాడని రత్నం అనుకుంది. అలా చేసినా బాగుండేది. అతను స్టూలు మీద కూర్చుని, నెమ్మదిగా, వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు.

"అక్కా, ఒక్క మాట. నువ్వు సరిగ్గానే బిగించినావా?"

బిగించాననే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. చూసి చెప్తానంది రత్నం.

బోనెట్ ఎత్తింది. ఆర్ములు ఊడదీసి, అద్దం కిందుండే ప్లాస్టిక్ పలక విప్పింది. మూడు బోల్టులూ తను బిగించినట్టే ఉన్నాయి. కనెక్టరు గట్టిగా ఉంది. గంజి సీసా నిండుగా ఉంది. మోటారు పార్కింగ్ చోటికి, అంటే వైపర్ వాలి ఉండే చోటికి, వచ్చి ఆగిన తరవాతే ఆర్ములు తగిలించాలి, లేకపోతే అవి అద్దం పక్కనున్న రేకుకి కొట్టుకుంటాయి. అందులోనూ పొరపాటు లేదు. మోటారుని అలవాటుగా పదిసార్లు ఆడించి, అన్నీ మళ్ళీ తగిలించి స్విచ్ వేసింది. రెండు ఆర్ములూ లేచి అటూ ఇటూ చక్కగా ఊగాయి. అద్దం లేదు కనక ఖాళీని తుడుస్తూ ఊగాయి. బొంజుబాబు కాసేపు చూసి మొహం తిప్పుకున్నాడు.

కంపెనీ నిపుణుడు చేసింది కూడా ఇదే. వాళ్ళ యార్డులో ఎండలో పెట్టి ఆడించి, మోటారు దివ్యంగా ఉంది కాబట్టి బిగింపులోనే తప్పుందని రాసి వెళ్ళిపోయాడు. తిరుగుతున్న మోటారు కొండ మీద ఎందుకు ఆగిందని వాడికి తోచలేదు. తోచినా రాయలేదు. రత్నానికీ తోచలేదు, అదే ఆమెని దహించేస్తోంది.

అప్పుడు బొంజుబాబు, ఎవరితోనో చెబుతున్నట్టు, ఆ రోజు చలి గురించి చెప్పాడు. ఇక్కడిలా ఉండదన్నాడు. చిలకమ్మ రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని కూర్చుందట. తనకి కూడా స్టీరింగ్ మీద వేళ్ళు వంగలేదట.

వేళ్ళు వంగలేదన్న మాట రత్నం చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఆమె మోటారు విప్పి ఓ పాలితిన్ సంచిలో కట్టింది. రెండు షెడ్ల అవతల చేపలమ్మే నూకాలమ్మ దగ్గరికి వెళ్ళి తొట్టెడు ఐసు తెచ్చింది. సంచిని అందులో ముంచి, ఇద్దరూ టీ తాగారు. గంట తరవాత మోటారుకి వైర్లు తగిలించి, బెంచి మీద కరెంటు ఇచ్చింది.

ఒక పట్టీ లాగింది. లాగి, వదల్లేదు. రెండో పట్టీ గింజుకుంటోంది గానీ మొదటిది వదలడం లేదు. రత్నం లోపల్లోపల లెక్కపెట్టింది. నాలుగు, ఐదు, ఆరు. అప్పుడు చిన్న వణుకు వచ్చి పట్టీ మెల్లమెల్లగా సడలింది. మళ్ళీ కరెంటు ఇస్తే ఈసారి తొమ్మిది దాకా పట్టింది.

"అంతే అక్కా," అన్నాడు బొంజుబాబు. "అంతసేపే."

రత్నం బెంచి మీదకి ఇంకా వంగింది. మోటారు ఎందుకు ఆగిందో తెలిసినందుకు కాదు. ఆ సడలడం ఆమెకి తెలుసు. ముందు రాయిలా ఉండడం, తరవాత చిన్న వణుకు, ఆ వణుకు వెంట చిటికెన వేలి వైపు నుంచి మెల్లగా విడవడం. చిన్నప్పటి నుంచీ చలికాలం పొద్దున్నే నూతి దగ్గర మొహం కడుక్కుంటున్న నాన్న చేతిలో ఆమె చూసింది ఇదే. ఆమె చొక్కా చెయ్యి పైకి మడిచి, తన చేతిని మోచేతి దాకా ఐసులో పెట్టింది. వంద లెక్కపెట్టి బయటికి తీసి, మోటారు పక్కన బల్ల మీద ఆనించింది. ఎడంచేత్తో స్విచ్ వేస్తూ కుడి పిడికిలి బిగించింది. రెండూ కలిసి బిగుసుకున్నాయి. కలిసి వణికాయి. కలిసి విడివడ్డాయి.

బొంజుబాబు ఆ రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

తొమ్మిదేళ్ళ కిందట ఆటోనగర్లో ఓ లేబ్ వాళ్ళు కార్మికుల కోసం వైద్య శిబిరం పెట్టారు. చేతుల జబ్బులు చూస్తామన్నారు. సన్యాసిరావు బిగుపుకి మందేమైనా దొరుకుతుందేమోనని వెళ్ళాడు. జబ్బ మీద మూడు కుట్లతో తిరిగొచ్చి, చిటికెడు కండ కోసుకున్నారని నవ్వుతూ చెప్పాడు. నలభై ఏళ్ళు సుత్తి పట్టిన తన కండ చూసి డాక్టరమ్మ ముచ్చట పడిపోయిందట. ముందు పిడికిలి పదిసార్లు మూసి తెరవనిచ్చి అప్పుడు చూడండమ్మా, లేదంటే నా పరువు తీసేస్తదది, అని ఆవిడకి తనే చెప్పాడట. ఇంగ్లీషులో ఉన్న ఏవో నాలుగు కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారట. రిపోర్టు కోసం మూడుసార్లు భీమిలి రోడ్డులో ఉన్న ఆ లేబ్‌కి వెళ్ళాడు. మూడుసార్లూ ఇంకా రాలేదనే చెప్పారు. నాలుగేళ్ళ కిందట జ్వరం తగిలి, తన జబ్బు పేరేమిటో తెలుసుకోకుండానే ఆయన పోయాడు.

ఆ డాక్టరమ్మ పేరు అనసూయ. గోడ మీదున్న సత్తువ కంపెనీ క్యాలెండర్లో, కండ మోటారు సృష్టికర్త అన్న అక్షరాల కింద, ఆవిడ ఫొటోయే ఉంది. ఆరు నెలలుగా రత్నం ఆ ఫొటో కింద కూర్చునే అన్నం తింటోంది.

ఇంకో సంగతి కూడా ఆ సాయంత్రమే ఆమెకి తట్టింది, అది అన్నిటికంటే గట్టిగా తగిలింది. కొత్త మోటారు బిగించే ముందు తను దాన్ని గోరువెచ్చని నీళ్ళలో ఉంచి పదిసార్లు ఆడించింది. ఏ కంపెనీ పుస్తకంలోనూ అలా చెయ్యమని లేదు. ఈ ఆటోనగర్లో ఇంకెవరూ అలా చెయ్యరు. పనిలోకి దిగే ముందు వేణ్ణీళ్ళు, పదిసార్లు మూసి తెరవడం, ఇది వాళ్ళ ఇంటి అలవాటు. చేతికి చేసినట్టే చేతిలో ఉన్నదానికీ చేసేసింది. తిన్నగా పెట్టెలోంచి తీసి బిగించి ఉంటే మొదటి ఊపులోనే లోపం దొరికిపోయేది. బొంజుబాబుకి ఇది చెప్పకుండా దాచుకోవడం ఆమెకి చేతకాలేదు, చెప్పేసింది. అతను పర్వాలేదని అనలేదు. తాడు చుట్ట భుజాన వేసుకుని, శుక్రవారం తనూ వస్తానని చెప్పి బస్సెక్కడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు రత్నం స్టీలు క్యారియర్లో కింది గిన్నెల నిండా ఐసు, పై గిన్నెలో మోటారు పెట్టుకుని లేబ్‌కి వెళ్ళింది. గేటు దగ్గర ఆపితే సన్యాసిరావు కూతురు వచ్చిందని చెప్పమంది. ఆ పేరు లోపలికి వెళ్ళిన ఐదు నిమిషాలకి డాక్టర్ అనసూయే స్వయంగా బయటికొచ్చింది. అరవై దాటిన మనిషి, తెల్లకోటు, అలసిన కళ్ళు. రత్నం మొహం చూడకుండా ఆమె చేతులు చూసింది.

లోపల హాలు వెచ్చగా, పురిటి గదిలా ఉంది. గాజు తొట్టెల్లో వరసలు వరసలుగా గులాబీ రంగు పట్టీలు సన్నగా అదురుతున్నాయి. ఓ మూల ఎవరో అమ్మాయి తయారైన మోటారుకి పరీక్ష చేస్తోంది. తీగలు తగిలించి అటూ ఇటూ ఆడించి, తరవాత మీటరు సున్నాకి తిప్పి, అప్పుడు రాసుకోవడం మొదలుపెట్టింది. రత్నం గుమ్మంలోనే నిలబడి లెక్కపెట్టింది. సరిగ్గా పది. ఆ పది ఎందుకని అడిగితే, అది తమ పద్ధతి అనీ, మొదటి పదీ లెక్కలోకి రావనీ ఆ అమ్మాయి చెప్పింది. ఆ పద్ధతి ఎవరు నేర్పారని రత్నం డాక్టర్ వైపు తిరిగి అడిగింది. అనసూయ ఆమెని తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

దాచడానికి ఆవిడ ప్రయత్నించలేదు. శిబిరంలో రెండు వందల మంది కండ తీసుకున్నామంది. తొట్టిలో వేస్తే అన్నీ నాలుగు రోజుల్లో అలిసిపోయాయి, సన్యాసిరావుది మాత్రం అలిసిపోకుండా, దిట్టంగా, నెలల తరబడి లాగింది. తనకున్న సత్తువంతా బిగుపు జబ్బు వల్లే వచ్చిందని ఆయనకి తెలియదు. పగలూ రాత్రీ తెలియకుండానే బిగుసుకుని సడలే కండ అలా బలుస్తుందట.

"అయితే బిగుపు ఉందని మీకు తెలుసు," అంది రత్నం.

"తెలుసు. రిపోర్టు రాసింది నేనే."

"మూడుసార్లు వొచ్చినాడు మా నాన్న. చెప్పులు చేత్తో పట్టుకుని మీ గేటు దగ్గిర నిలబడినాడు."

రిపోర్టు ఇస్తే ఆ కండ ఎవరిదో కాగితం మీద ఉండిపోతుందని కంపెనీ వద్దందట. వెచ్చగా ఉంటే జబ్బు బయటపడదు కనక మోటారు పెట్టె అడుగున వేడి పలక పెట్టానని ఆవిడ చెప్పింది. కార్లలో ఇప్పటికీ ఉంది. పికప్ దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ తినేస్తుందని తీసేశారు. కూరగాయల బళ్ళవాళ్ళకి అంత సుకుమారం ఎందుకని ఎవరో అంటే మీటింగులో అందరూ నవ్వారట. తీసెయ్యడానికి ఒప్పుకుంటూ ఆవిడ సంతకం పెట్టింది. మొత్తం ఎన్ని బళ్ళని రత్నం అడిగింది. నలభై వేలు అంది అనసూయ, గొంతు తగ్గించి.

నలభై వేల బళ్ళు. కొండల్లో, వానల్లో, నలభై వేల అద్దాల మీద నాన్న చెయ్యి తుడుస్తోంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, రత్నానికి గర్వం లాంటిది పొడుచుకొచ్చింది. ఆ వెంటనే చిలకమ్మ ఒళ్ళో న్యూస్‌పేపరు పొట్లం గుర్తొచ్చింది. బతికుండగా కుక్క మీద కూడా చెయ్యెత్తని మనిషి. అలాంటి మనిషి చేత, చచ్చిపోయాక, ఓ మనిషిని చంపించారు. ఆయన్ని అడక్కుండా చంపించారు. పైగా ఆ పాపం ఆయన కూతురి బిగింపు మీదకి తోశారు.

శుక్రవారం వచ్చి ఈ మాటలే అక్కడ చెప్పమని రత్నం అడిగింది. అనసూయ కిటికీ వైపు చూస్తూ, ముప్పై ఏళ్ళ పనంతా పోతుందనీ, ఆలోచించుకోవాలనీ అంది. రత్నం లేచి నిలబడింది. ఆ తరవాత ఏమందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. గార్డులు వచ్చారు. మోటారు కంపెనీ సొత్తు కనక ఇచ్చెయ్యమని క్యారియర్ లాగబోయారు. ఇవ్వకూడదన్న పంతం సరే, ఇద్దామన్నా పిడి మీద పడిన పిడికిలి విడివడితేగా. ఇద్దరు గార్డులు కలిసి లాగినా రాలేదు. చివరికి క్యారియర్‌తో సహా ఆమెని గేటు బయట వదిలేశారు.

శుక్రవారం పదకొండు గంటలకి విచారణ హాలు నిండిపోయింది. ఆటోనగర్ మెకానిక్కులు సగం మంది పని మానుకుని వచ్చారు. బొంజుబాబు ముందు వరసలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కంపెనీ తరఫున వైస్ ప్రెసిడెంట్ దినకర్, ఆయన వెనక వకీళ్ళు, వాళ్ళ వెనక నిపుణుడు. వెనక బెంచీలో, తెల్లకోటు లేకుండా మామూలు నేతచీరలో, డాక్టర్ అనసూయ. ఆమె ఎవరి పక్షాన వచ్చిందో ఆమెకి కూడా తెలిసినట్టు లేదు.

నిపుణుడు రత్నం తెచ్చిన మోటారునే బల్ల మీద పెట్టి, పదిసార్లు ఆడించి, తరవాత విచారణ అధికారి ముందు ఊపి చూపించాడు. లోపమెక్కడుందో చూపించమన్నాడు. రత్నం వంతు వచ్చింది. దాన్ని ఐసులో పెట్టి, ముందుగా ఆడించకుండా చూడమని అడిగింది. వకీళ్ళు లేచారు. పుస్తకంలో పరీక్ష ఎలా చెయ్యాలని రాసి ఉందో అలాగే చెయ్యాలని, ఐసులో ముంచి తియ్యడం ఏ పుస్తకంలోనూ లేదని వాదించారు. తన తండ్రి కండ అని ఆమె చెప్పబోతే, దానికి రుజువు కాగితం ఉందా అన్నారు. ఆ కాగితం కోసమే మా నాన్న మూడుసార్లు తిరిగాడయ్యా అని రత్నం అంటే హాల్లో ఎవరో నవ్వారు. అధికారి మంచివాడే, కానీ పుస్తకంలో లేనిది చేయించడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఇదే అదును అనుకున్నాడు దినకర్. నవ్వుతూ ఆమె దగ్గరికి నడిచొచ్చాడు. కంపెనీకి ఈ చెల్లెమ్మ మీద పగ ఏమీ లేదన్నాడు. జరిగింది పొరపాటు, మనుషులన్నాక పొరపాట్లు చేస్తారు, మా తరఫునే శిక్షణ ఇప్పించి ఆమె షెడ్డుకి కంపెనీ బోర్డు కూడా పెట్టిస్తాం అన్నాడు. అధికారికి కనబడేలా, ఫొటోలు తీసేవాళ్ళకి కనబడేలా, చెయ్యి చాచాడు.

రత్నం విచారణ మొదలైనప్పటి నుంచీ కుడిచెయ్యి బల్ల కింద క్యారియర్ ఐసు గిన్నెలోనే ఉంచింది. మోటారు పక్కన పెట్టి చూపించాలని. ఇక మోటారుని చూడనివ్వరని తెలిసింది. ఆ చెయ్యి పైకి తీసి, నీళ్ళు కారుతుండగానే, ఆయన చేతిలో పెట్టి గట్టిగా పట్టుకుంది.

చల్లదనానికి దినకర్ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. రాలేదు. ఇంకోసారి గట్టిగా లాగాడు. మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలోంచి పోయింది. వదలమన్నాడు.

"వొదలాలనే చూస్తన్నాను సార్," అంది రత్నం. "నా చెయ్యి నా మాట వినదు. మా ఇంటి చెయ్యి ఇది. మీ నలభై వేల బళ్ళలో ఉన్నదీ ఇదే. మూడు. నాలుగు. ఐదు. ఇదిగో, ఇక్కడ, ఐదు దగ్గిరే, బొంజుబాబు బండి రాయికి కొట్టుకున్నాది. చిలకమ్మ ఇక్కడ పోయింది. మీరింకా ఉన్నారు. ఆరు. ఏడు."

వకీళ్ళు ఇద్దరు వచ్చి ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విప్పబోయారు. దినకర్ నొప్పితో వంగిపోయాడు. కోపంతో చేస్తోందని వాళ్ళలో ఎవరో అరిచారు. కోపం లేదని రత్నం అనలేదు. ఎనిమిది అంది, తొమ్మిది అంది. హాలంతా ఆమెతో కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బొంజుబాబు ఒక్కడే నోరు తెరవలేదు. పన్నెండు దగ్గర చేతికి సన్నటి వణుకొచ్చి, చిటికెన వేలి వైపు నుంచి మెల్లగా విడివడింది. దినకర్ చెయ్యి ఎర్రగా కందిపోయింది.

ఇదేమిటని అధికారి అడిగాడు. రత్నాన్నే అడిగాడు, కానీ వెనక బెంచీ దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఆవిడ చెయ్యి కావాలని చేసింది కాదు," అంది డాక్టర్ అనసూయ, లేచి నిలబడి. "మా మోటారుకి ఉన్న జబ్బే అది. తొమ్మిదేళ్ళ నాటి రిపోర్టు నా దగ్గరుంది. తెచ్చాను."

సంచిలోంచి ఆవిడ తీసిన కవరు మీద సన్యాసిరావు పేరు ఉంది. ఆయన మూడుసార్లు వచ్చినా ఇవ్వని ఆ కవరు ఇన్నాళ్ళూ లేబ్‌లోనే ఉంది. ఆవిడ దాన్ని అధికారి బల్ల మీద పెట్టబోతే రత్నం అడ్డు వచ్చి, ముందు తన చేతికి తీసుకుంది. తీసుకుని, తనే వెళ్ళి ఆయన ముందు పెట్టింది.

వైపర్ మోటారు మార్చేదాకా సత్తువ పికప్పులేవీ రోడ్డెక్కకూడదని ఆ సాయంత్రంలోగా ఉత్తర్వు వచ్చింది.

పది రోజుల తరవాత బొంజుబాబు బండికి కొత్త అద్దం వచ్చింది. రత్నం పాత సామాన్ల బజారంతా గాలించి, ఎప్పటిదో రాగితీగ మోటారు ఒకటి పట్టుకుంది. బరువైన మోటారు, బోల్టు రంధ్రాలు కలవకపోతే రేకు పట్టీ కోసి కలిపింది. దాన్ని ముందుగా ఆడించలేదు. తిన్నగా బిగించి, అది తన పార్కింగ్ చోటికి వచ్చి ఆగేదాకా చూసి, ఆర్ములు తగిలించి, అద్దం మీద నీళ్ళు పోసి స్విచ్ వేసింది. పాత మోటారు గరగరమంటూ అద్దం తుడిచింది. బొంజుబాబు లోపల కూర్చుని, తుడిచిన అద్దంలోంచి చాలాసేపు ముందుకి చూశాడు. పక్క సీటు వైపు చూడలేదు.

ఆనవాయితీ ప్రకారం తీసిన సామాను అతని చేతిలో పెట్టాలి. రత్నం కండ మోటారుని తెచ్చి రెండు చేతుల్తో ఇచ్చింది. ఎలా ఇచ్చిందో ఆమెకే తెలుసు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకా బతికుందా అని అడిగాడు. గంజి పోస్తున్నాను కాబట్టి బతికే ఉందంది. అతను ఆ పెట్టెని నేలకేసి కొట్టినా ఆమె ఆపేది కాదు.

"మీ నాన్నని నేనేటి సేసుకుంటానక్కా," అన్నాడు బొంజుబాబు. మోటారుని బెంచి మీద పెట్టి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాననలేదు.

కంపెనీ నుంచి ఇంకో కాగితం వచ్చి ఉంది. కండ మోటార్లన్నీ వెనక్కి పంపాలట, కాల్చి పారేస్తారట. దాత కుటుంబానికి తమ సానుభూతి అని చివర్లో ఓ వాక్యం రాశారు. దాతట. ఇచ్చినవాణ్ణి దాత అంటారు. రత్నం ఆ కాగితం కుడిచేత్తో పట్టుకునే, ఎడంచేత్తో గిన్నెలోకి వేణ్ణీళ్ళు వంచింది. మోటారుని అందులో ఉంచి తీగలు తగిలించి, నెమ్మదిగా ఆడించింది. ఒకటి, రెండు, మూడు. పది వచ్చేసరికి ఏ అడ్డూ లేకుండా, నలభై ఏళ్ళు సుత్తి పట్టిన మనిషి పొద్దున్నే పనికి సిద్ధమైనట్టు, ఆ కండ హాయిగా బిగుసుకుని హాయిగా సడలింది.

కాగితం పట్టుకున్న ఆమె చెయ్యి మాత్రం విడివడలేదు. వేణ్ణీళ్ళు పక్కనే ఉన్నాయి. దాన్ని అందులో పెట్టాలని ఆమెకి అనిపించలేదు.